కోసి చూసిన పిస్టన్లు

నేను పిస్టన్లు అమ్ముతాను. ఈ వ్యాపారంలో కొన్నవాడు మళ్ళీ దుకాణం మెట్లెక్కాడంటే నాకు తెలిసి రెండే కారణాలు. సరుకు బాగుందని ఇంకోటి కొనడానికి రావాలి, లేదా సరుకు పగిలిందని నన్ను తిట్టడానికి రావాలి. మొదటిది లాభం, రెండోది నష్టం. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలేదే మా ఇంటి భోజనం. దృఢత్వ నిర్ధారణ సంస్థ వచ్చాక మూడో కారణం పుట్టింది. సరుకు బాగుందని సర్కారు ముద్ర ఉంటుంది. పగిలిందనడానికి లేదు. కాని డబ్బా తెరిస్తే రెండు చెక్కలుగా ఉంటుంది. దాన్ని లాభంలో వెయ్యాలో నష్టంలో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఒక మంత్రిగారి కారుతో మొదలైంది. ఏదో వంతెన ప్రారంభించడానికి వెళుతుంటే ఆయన కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంజను విప్పి చూస్తే ఒక పిస్టన్ పగిలి ఉంది. పగిలిన చోట ఆవగింజంత గుంట. విచారణ సంఘం కూర్చుంది, లేచింది, టీ తాగి మళ్ళీ కూర్చుంది. చివరికి తేల్చింది: దోషం పిస్టన్ లోపల ఉంది, లోపల ఉన్నది బయటికి కనబడదు, కనబడనిదాన్ని మంచిదని అమ్మడం ప్రజలను మోసగించడమే.

ఇందులో అబద్ధం లేదు. అదే చిక్కు. పూర్తి అబద్ధమైతే ఎవరైనా ఎదురు చెప్పేవారు.

మా దుకాణం వెనకే నా బావమరిది చలమయ్య పోత ఫ్యాక్టరీ ఉంది. అల్యూమినియంలో సిలికాన్ కలిపి కరిగించి ఇనప మూసల్లో పోస్తాడు. కరిగిన లోహం గాలిని పట్టుకుంటుంది. ఆ గాలిని బయటికి పంపకుండా తొందరపడి పోస్తే అది బుడగై లోపలే ఉండిపోతుంది. ఇంజనులో దెబ్బ తగిలిన రోజు చీలిక అక్కణ్ణించే మొదలవుతుంది. పోసిన తరువాత బాగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ సన్నటి వేడిలో గంటలకొద్దీ ఉంచితేగాని పిస్టన్‌కు అసలు బలం రాదు. ఆ గంటలు మిగుల్చుకునేవాడి సరుకు చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, వాడితే తేడా తెలుస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. లోహపు దిమ్మను కరగనివ్వకుండా మెత్తబడేదాకా కాల్చి, పెద్ద ప్రెస్సు కింద పెట్టి అచ్చులోకి అణగగొడతారు. అందులో బుడగకు చోటుండదు. కర్రలో చారల్లాగా లోహం చారలు పిస్టన్ ఆకారం వెంట వంగుతాయి. బలం ఎక్కువ, ధరా ఎక్కువే. వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కనక సిలిండరులో కాస్త వదులుగా బిగించాలి, పొద్దున్నే ఇంజను వేడెక్కేదాకా టకటకమంటుంది. పందెం కార్లకు అది కావాలి. నీళ్ళు తోడే ఇంజనుకు, వరికోత మిషనుకు శ్రద్ధగా పోసిన పోత చాలు.

కాబట్టి ఆ విచారణ మీద పుట్టిన సంస్థవారు చేయవలసిన పని ఉంది. ఎవరు శ్రద్ధగా పోస్తున్నారు, ఎవరు గాలి అమ్ముతున్నారు అని చూడవచ్చు. అందుకు కొలిమి దగ్గర నిలబడాలి. అక్కడ వేడిగా ఉంటుంది.

సంస్థ అధ్యక్షులవారికి మార్గం పుచ్చకాయల బండి దగ్గర దొరికిందట. బండివాడు కాయకు గంటు పెట్టి, ముక్క లాగి, ఎరుపు చూపించాడు. "ఈ దేశంలో పుచ్చకాయకున్న పారదర్శకత పిస్టన్‌కు లేకపోవడం విచారకరం" అని ఆయన అక్కడే అన్నారట. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. "ప్రతి పిస్టన్‌ను విక్రయమునకు పూర్వము నిలువున ఛేదించి, అంతర్భాగమును పరిశీలించి, దోషరహితమని ధ్రువీకరించిన పిమ్మటనే విక్రయించవలెను."

పుచ్చకాయను కోసినవాడు తింటాడు. పిస్టన్‌ను కోసినవాడు ఏం చేస్తాడన్నది ఉత్తర్వులో లేదు.

మా బజారుకు పరిశీలకాధికారిగా సదాశివమూర్తిగారు వచ్చారు. ఇస్త్రీ నలగని మనిషి. ఆయన వెనక రంపం బిగించిన మిషను మోసుకుంటూ ఇద్దరు జవాన్లు. దుకాణం మధ్యలో దాన్ని దింపి ఆయన ప్రకటించారు: "నేటి నుండి మీ వాణిజ్యం విశ్వసనీయతా యుగంలోకి ప్రవేశిస్తున్నది."

చలమయ్య తన పిస్టన్ ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. "అయ్యా, పెద్ద ఫ్యాక్టరీల్లో ఎక్స్‌రే తీస్తారండీ. కొయ్యక్కర్లేదు. లోపల బుడగుంటే ఫొటోలో కనబడిపోద్ది."

"ఫొటో సాక్ష్యం కాదు," అన్నారు సదాశివమూర్తిగారు. "ఫొటోలో మా మావగారు కూడా దృఢంగానే కనిపిస్తారు."

"పోనీ, ఒక కొలిమి సరుకులోంచి ఒకటి కోసి చూడండి. అది బాగుంటే మిగతాయి బాగున్నట్టే గదండీ? ఒకే కరుగు, ఒకే మూస, ఒకే చెయ్యి."

"మిగతావి ఏ నమ్మకంతో అమ్ముతారు?"

"నా మీద నమ్మకంతోనండీ."

సదాశివమూర్తిగారు నవ్వలేదు. జాలిగా చూశారు. "చలమయ్యగారూ, నమ్మకం అనేది తనిఖీ లేని చోట పెరిగే కలుపు మొక్క. మేము పీకడానికే వచ్చాము."

రంపం మోగింది. సాయంత్రానికి నా అరలో ఉన్న పిస్టన్లలో సగం సగమయ్యాయి. ప్రతి చెక్క మీదా "ఉత్తీర్ణం" అని ముద్ర పడింది. రెండు చెక్కలకూ విడివిడిగా ముద్ర రుసుము. చలమయ్య సరుకులో ఒక్క బుడగ కూడా దొరకలేదు. సదాశివమూర్తిగారు అతని చెయ్యి ఊపి ఊపి అభినందించారు. చలమయ్య ఆ చేతిని తరువాత చాలాసేపు లుంగీకి తుడుచుకున్నాడు.

మంగాయమ్మ ఆ మర్నాడు వచ్చింది. పెదగరువు నుంచి. మొగుడు పోయాక అతను నడిపిన వరికోత మిషను తనే నడుపుతోంది. మొదట్లో ఊరు నవ్వింది. ఇప్పుడు కోతలొస్తే ఊరే ఆవిడ గుమ్మం ముందు నిలబడుతుంది. ఈసారి సరిగ్గా కోతల ముందు ఇంజను పొగ కక్కింది. మెకానిక్ విప్పి నాలుగు పిస్టన్లూ మార్చాలన్నాడు. పైరు పండి వాలిపోతోంది. సముద్రంలో అల్పపీడనం అని రేడియో చెబుతోంది. గింజ తడిస్తే మొలకెత్తుతుంది, మొలకెత్తితే మిల్లువాడు ముట్టుకోడు. ఊరందరి ధాన్యమూ ఆవిడ ఇంజను మీద ఉంది.

నేను డబ్బా ఇచ్చాను. ఆవిడ విప్పింది. ఒక చెక్క తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంటండీ శెట్టిగారూ, కొబ్బరికాయ కొట్టిచ్చినట్టు ఇచ్చారు? నేను గుడికెళ్తున్నానా, పొలానికెళ్తున్నానా?"

సదాశివమూర్తిగారు కుర్చీలోంచి లేచారు. "అమ్మా, మీరు అదృష్టవంతులు. అంతర్గత నాణ్యత నిస్సందేహంగా తెలిసిన పిస్టన్‌ను చేతబట్టుకున్న తొలి వినియోగదారు మీరే."

"చేత్తో పట్టుకుని ఏం చేసుకోనయ్యా? ఇంజన్లో కూర్చోవాలి గదా అది."

"బిగింపు మా పరిధిలోనిది కాదు. మాది దృఢత్వం."

"రెండు ముక్కలైందానికి దృఢత్వమేంటయ్యా బాబూ?"

"ముక్కలు కాకముందు అది ఎంత దృఢంగా ఉండేదో ముక్కలను చూస్తేనే కదమ్మా తెలిసేది!"

మంగాయమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. అధికారితో దుకాణంలో వాదించడం నష్టం లెక్క. వాదన గెలిచినా ఆయనకు సీలు ఉంటుంది, అది వెయ్యడానికి నాకు తలుపు ఉంటుంది.

అందుకని ఆవిడను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రంలో అధ్యక్షులవారి దగ్గరికే వెళ్ళాను. ఆయన గది చల్లగా ఉంది. గోడ మీద పటాలు కట్టించి పెట్టిన పిస్టన్ చెక్కలు. అన్నిటికన్నా పెద్ద పటంలో ప్రెస్సు కింద అణగగొట్టిన పిస్టన్ ఒకటి, నున్నగా సానబట్టి, లోహం చారలు కనబడేలా. ఏదో పందెం కారు వాడు విదేశం నుంచి తెప్పించుకున్నదట. వాడి కారు ఇప్పుడు షెడ్డులో ఉంది, దాని పిస్టన్ ఇక్కడుంది.

"చూశారా ఆ రేఖలు!" అన్నారు అధ్యక్షులవారు. "కోయకపోతే ఈ సౌందర్యం లోకానికి తెలిసేదా?"

"తెలీకపోతేనేమండీ, బండి నడిచేది," అంది మంగాయమ్మ.

ఆయనకు వినబడలేదు. అధికారుల చెవులు అలా ఏర్పాటై ఉంటాయి. నేను వినయంగా సమస్య విన్నవించాను. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"అతికించండి," అన్నారు.

"అతికించవచ్చాండీ?"

"నిషేధం లేదు. అయితే అతికించినప్పుడు ఒక నూతన వస్తువు ఉద్భవిస్తుంది. అతుకు లోపల ఎలా ఉందో ఎవరికి తెలుసు? కాబట్టి ఆ నూతన వస్తువును నియమానుసారం..." చేత్తో గాలిలో నిలువుగా ఒక గీత గీశారు.

మంగాయమ్మ ఆ గీతను తల దగ్గర్నించి కాళ్ళదాకా చూసింది. "అయ్యా, వాన వచ్చేలోగా కొయ్యాల్సింది వరినండీ."

"మీ ఆవేదన నమోదు చేసుకుంటాం. కానీ ఒక్కసారి అటు చూడండి." గోడకు ఒక పట్టిక. సంస్థ ధ్రువీకరించిన పిస్టన్లలో ఇంజను నడుస్తుండగా విఫలమైనవి: సున్నా. "ప్రపంచంలో ఏ దేశానికీ ఈ ఫలితం లేదు."

నేను లెక్కలవాణ్ణి. ఆ సున్నాలో తప్పు పట్టలేకపోయాను.

ఇది ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. చెక్కలు గుట్టలుగా పడితే వాటిని మళ్ళీ చలమయ్యే కొనుక్కుని కొలిమిలో వేశాడు. కరిగించి పోశాడు, లేతు పట్టాడు, సదాశివమూర్తిగారు కోశారు, ముద్ర వేశారు, చలమయ్య కరిగించాడు. అదే లోహం గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. పోసిన ప్రతిసారీ అది ఉత్పత్తి కిందే రాశారు కాబట్టి పిస్టన్ల ఉత్పత్తిలో మన జిల్లా అందరికన్నా ముందుకొచ్చింది. చలమయ్యకు శాలువా కప్పారు. ఇంటికొచ్చి మా చెల్లెలితో, "ఇన్ని పిస్టన్లు నా జన్మలో పొయ్యలేదే. అమ్మింది ఒక్కటి లేదు," అన్నాడట. ఆ శాలువాను కొలిమి మూత తియ్యడానికి మసిగుడ్డగా వాడాడు.

బజారులో లారీలు వరుసగా నిలిచిపోయాయి. నీళ్ళ ఇంజన్లు మూగబోయాయి. ఇంజను పాడైన ప్రతివాడూ పాత పిస్టన్‌కే కొత్త రింగులు తొడిగించుకుని పోతున్నాడు. మంగాయమ్మ రోజూ మొదటి బస్సుకు వచ్చి నా దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని ఆకాశం చూసేది. ఆవిడ తిట్టలేదు. తిట్టే కొనుగోలుదారును నేను సముదాయించగలను. ఊరికే కూర్చునేవాళ్ళతో ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆవిడను చూసి కొత్తవాళ్ళు మెట్లెక్కకుండా పోతున్నారు. అది నష్టం. ఆవిడ ముఖం చూస్తే నాకు అన్నం సయించడం లేదు. అది ఇంకో నష్టం, దానికి ధర కట్టలేం.

ఒక పొద్దున సదాశివమూర్తిగారు మా అందరికీ ఒక సర్క్యులర్ పంచారు. కోసిన చెక్కల గుట్టల వల్ల దారి మూసుకుపోతున్నదని ఫిర్యాదులట. "తుక్కునకు దృఢత్వముతో నిమిత్తము లేదు గావున తుక్కు విక్రయమునకు పరీక్ష, ధ్రువీకరణ వర్తించవు."

నేను చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

"సార్, తుక్కంటే ఏది?" అన్నాను.

"యజమాని ఏది తుక్కని ప్రకటిస్తే అది తుక్కు," అన్నారు ఆయన, కాలక్షేపం ప్రశ్న వేసినవాణ్ణి చూసినట్టు చూస్తూ. "తన సొత్తును తానే తుక్కని చెప్పుకునే మూర్ఖుడు ఎవడుంటాడు?"

ఆయన భోజనానికి వెళ్ళగానే వెనక్కి పరిగెత్తాను. చలమయ్య అప్పుడే సన్నటి వేడిలోంచి తీసిన పిస్టన్లు వరుసగా ఆరబెట్టాడు.

"బావా, వీటి మీద తుక్కు అని ముద్ర కొట్టు."

చలమయ్య పట్టకారు కింద పెట్టాడు. "ఏంటీ?"

"తుక్కు. పెద్ద అక్షరాలతో."

"నా చేత్తో పోసిన సరుకుని తుక్కంటావా? ఇందులో బుడగ లేదు, పగులు లేదు. రాత్రంతా పొయ్యి దగ్గర కాపలా కాశాను. కావాలంటే తుక్కని నా మొహాన కొట్టు, ఆ ముద్ర."

"నీ మొహాన కొడితే నువ్వు సిలిండరులో పట్టవు గదా బావా."

"నవ్వులాటగా ఉందా నీకు? మా నాన్న ఈ కొలిమి పెట్టినప్పణ్ణించీ..."

"ఉత్తీర్ణం అని ముద్ర పడితే రెండు ముక్కలవుద్ది. తుక్కు అని పడితే ఒక్కటిగా ఉంటది. నీకు ముద్ర కావాలా, పిస్టన్ కావాలా? బయట బెంచీ మీద ఆవిడ కూర్చుంది, పోయి అడుగు."

చలమయ్య తలుపు దాకా వెళ్ళాడు. మంగాయమ్మ ఆకాశం చూస్తోంది. తూర్పున మబ్బు నల్లబడింది. చలమయ్య వెనక్కి వచ్చి సుత్తి, అక్షరాల అచ్చులు తీసుకున్నాడు. ఒక్కో పిస్టన్ మీద ముద్ర కొడుతూ తనలో తనే గొణుక్కున్నాడు. ఎవరిని తిట్టాడో వినబడలేదు గాని చాలామందినే.

నేను దుకాణం ముందు బోర్డు మార్పించాను: "ఇచ్చట తుక్కు మాత్రమే అమ్మబడును." నాలుగు పిస్టన్లు గోనెసంచిలో వేసి మంగాయమ్మ చేతికిచ్చాను. ఆవిడ ఒకటి తీసి ముద్ర చదివి, బోర్లించి చూసి, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. గంటలా మోగింది.

"ఇంత మంచి తుక్కు ఎక్కడ దొరికిందండీ శెట్టిగారూ?" అంది. ఇన్నాళ్ళకు మొదటిసారి ఆవిడ నవ్వడం చూశాను.

ఆ నవ్వు పూర్తికాకుండానే సదాశివమూర్తిగారు భోజనం ముగించుకుని వచ్చారు. ఆయన చూపు సంచి మీద పడింది.

"అందులో ఏముంది?"

"తుక్కండీ," అంది మంగాయమ్మ.

ఆయన సంచి విప్పారు. "తుక్కు ఇంత మెరుస్తుందా? పైగా ఇది ఛేదింపబడలేదు!"

"తమరి సర్క్యులరే సార్," అన్నాను. "యజమానిని నేను. ప్రకటించాను. బోర్డు కూడా ఉంది."

ఆయన బయటికెళ్ళి బోర్డు చదివి వచ్చారు. ముఖం ఎర్రబడింది. "ఇది చట్టాన్ని అపహాస్యం చేయడం. అనుమానాస్పద తుక్కు. దీని అంతర్భాగం పరిశీలించి, నిజంగా తుక్కేనా కాదా అన్నది నిర్ధారించాలి." ఒక పిస్టన్ తీసి మిషనుకు బిగించారు.

"అయ్యా," అంది మంగాయమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "మా ఊరి వరి మొత్తం మీ చేతిలో ఉందయ్యా. వానొస్తే ఆ గింజలకి మీరేం ముద్ర కొడతారు?"

ఆయన మీట మీద చెయ్యి వేశారు. జవాను రంపానికి నూనె పోశాడు. చలమయ్య వెనక గుమ్మంలో సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆ సుత్తి పిస్టన్ కోసమా ఇంకెవరి కోసమా అని నాకు కంగారు పుట్టింది. అది ఏ లెక్కలోనైనా పెద్ద నష్టమే.

అప్పుడు మెట్ల మీద రొప్పుతున్న చప్పుడయింది. అధ్యక్షులవారు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. మెళ్ళో పూలదండ వాడిపోయి ఉంది. ఆ సాయంత్రం సంస్థ వార్షికోత్సవం, మంత్రిగారు వస్తున్నారు. అధ్యక్షులవారి కారు కూడలిలో పొగ కక్కి ఆగిపోయిందట. వెనకే డ్రైవరు.

"పిస్టన్ పోయిందండీ," అన్నాడు డ్రైవరు. "ఊరంతా అడిగాం. అందరి దగ్గరా చెక్కలే ఉన్నాయి."

"ఉత్తీర్ణమైనవే కదండీ," అన్నాను నేను. "తమరి కారు కోసం మొదటి రకం చెక్కలు విడిగా తీసి పెట్టాను. పటం కట్టించుకోవచ్చు."

అధ్యక్షులవారు నా మాట వినలేదు. ఆయన కళ్ళు మిషనులో బిగించిన పిస్టన్ మీద ఉన్నాయి. కోయని పిస్టన్ ఆయన చూసి ఎన్నాళ్ళయిందో.

"అది ఏమిటి?"

సదాశివమూర్తిగారు నిటారుగా నిలబడ్డారు. "అయ్యా, తుక్కు ముసుగులో ఛేదించని పిస్టన్లు అమ్ముతున్నారు. పట్టుకున్నాను. తమ సమక్షంలో..."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అధ్యక్షులవారు నన్ను అడిగారు. చాలా మెల్లగా.

"తమరి కారుకు సరిపడే తుక్కు లోపలుందండీ. కాని అనుమానాస్పద తుక్కు అని సారు అంటున్నారు. ఈవిడ తుక్కు కోస్తే, నియమం అందరికీ ఒకటే గదా, తమరి తుక్కూ కొయ్యాల్సి వస్తుంది."

దూరంగా ఉరిమింది.

"సదాశివమూర్తీ," అన్నారు అధ్యక్షులవారు, పూలదండ సర్దుకుని, వేదిక మీద మాట్లాడే గొంతుతో. "తుక్కును ఛేదించే అధికారం సంస్థకు లేదు. ఇది తుక్కే. నా దృష్టిలో స్పష్టంగా తుక్కు. ఇటువంటి ఉత్తమమైన తుక్కును నేనెన్నడూ చూడలేదు. ఆ తల్లి తుక్కు ఆమెకు ఇచ్చివేయండి."

సదాశివమూర్తిగారు మిషను మర వదులు చేశారు. మంగాయమ్మ పిస్టన్ అందుకుని సంచిలో వేసుకుని, ఎవరికీ దణ్ణం పెట్టకుండా, బస్సు కోసం పరిగెత్తింది. చలమయ్య సుత్తి కింద పెట్టాడు.

నేను లోపలికెళ్ళి కారు పిస్టన్లు తెచ్చాను. "తుక్కు" ముద్ర పైకి కనబడేలా బల్ల మీద పేర్చాను. ధర చెప్పాను. మంచి రోజుల్లో పిస్టన్‌కు నేను చెప్పే ధరకన్నా అది చాలా ఎక్కువ. తుక్కుకు గిరాకీ ఉన్న రోజులు మరి. అధ్యక్షులవారు బేరమాడలేదు. ఒక పిస్టన్ తీసి గుండెకు హత్తుకున్నట్టు పట్టుకున్నారు. అలవాటు కొద్దీ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

నేను మిషను మీట మీద చెయ్యి వేశాను. "లోపల ఎలా ఉందో ఏమోనండీ. గబుక్కున ఒకసారి కోసి చూపించమంటారా?"

ఆయన రెండు అడుగులు వెనక్కి వేశారు. పిస్టన్‌ను కండువా కింద దాచుకున్నారు.

"వద్దు వద్దు," అన్నారు. "నమ్మకం ఉంది."